మాడిపోకుండానే మసకబారే బల్బు

మీ హాల్లో వెలుగుతున్న బల్బు ఏ సంవత్సరం కొన్నారో గుర్తుందా? చాలామందికి ఉండదు. పాతకాలపు ఫిలమెంటు బల్బయితే ఈ ప్రశ్నే రాదు. అది ఓ రోజు టప్పున మాడిపోయేది, వెంటనే వీధి చివరి కొట్టుకి పరిగెత్తి ఇంకోటి తెచ్చుకునేవాళ్లం. ట్యూబ్‌లైటు కూడా కొసలు నల్లబడి, నాలుగు రోజులు టకటకలాడి, పోతున్నానని చెప్పే పోయేది. ఎల్ఈడీ అలా చెప్పదు. స్విచ్చి వేస్తే పదేళ్ల తర్వాత కూడా వెలుగుతుంది. మొదటి రోజు ఇచ్చిన వెలుతురులో ఇప్పుడెంత మిగిలిందో మాత్రం మనకు తెలియదు. రోజుకింత చొప్పున పిసరు పిసరుగా తగ్గుతుంటే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. ఈ అధ్యాయంలో మీకు చేయించాలనుకుంటున్న అలవాటు ఒక్కటే: ఇంట్లో దీపం ఎంత వెలుగుతోందో ఆర్నెల్లకోసారి కొలిచి, ఆ అంకె రాసి పెట్టుకోవడం.

ఇది ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం 2015 జనవరి 5న మొదలైంది. దాని కింద దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు ఇళ్లకు చేరాయి. కర్ణాటకలో దానికి ‘హొస బెళకు’ అని పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పాత బల్బు ఇచ్చి పది రూపాయలు కడితే కొత్తది చేతికిచ్చారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చిపెట్టాక, మరుసటి ఏడు ఆ నగరంలో సుమారు 92 వేల వీధిదీపాలు ఎల్ఈడీకి మారాయి. ఆనాటి తొలి దీపాలకు ఇప్పుడు పదేళ్లు దాటాయి. బల్బు అట్టపెట్టె మీద 25,000 గంటలని రాసి ఉంటుంది. రోజుకు ఆరు గంటలు వాడితే పదకొండేళ్ల చిల్లర. అన్ని గంటలూ అయ్యాక బల్బు ఆరిపోతుందని మనం అనుకుంటాం. తయారీదారుల లెక్క అది కాదు. వెలుతురు మొదటి రోజు ఉన్నదానిలో 70 శాతానికి పడిపోతే వాళ్ల దృష్టిలో దాని ఆయుష్షు తీరినట్టే. దీన్ని ఎల్70 అంటారు. ఆయుష్షు తీరాక కూడా అది ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉంటుంది, చిక్కంతా అక్కడే.

బెంగళూరు సర్జాపుర రోడ్డులో మాకు తెలిసినవాళ్లింట్లో ఇదే జరిగింది. కర్నూలు నుంచి వచ్చి కొడుకు దగ్గరుంటున్న పెద్దావిడకు రాత్రిపూట పుస్తకం చదవడం కష్టమైపోయింది. కళ్లద్దాలు మార్పించారు, తేడా రాలేదు. కంటిపొర ఉందేమోనని చూపించారు, అంత లేదన్నారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, మదనపల్లె మనిషి, పైకి చూసి “ఎలగతా ఉండాది గదమ్మా, దీనికేమయ్యిండాది?” అని వెళ్లిపోయాడు. చివరికి కొడుకే అదే వాట్ల కొత్త బల్బు తెచ్చి, పాతది తీసి పెట్టాడు. “ఏందిరా, పగలు మాదిరి ఉందే!” అందావిడ. అరవై దాటిన కంటికి చదవడానికి కుర్రవాళ్ల కంటికన్నా చాలా ఎక్కువ వెలుతురు కావాలి. అలాంటి కంటికి ఎదురుగా, ఉన్న వెలుతురే తరిగిపోతోంది. ఇంట్లో ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అందరూ ఆ గదిలోనే రోజూ కూర్చునేవాళ్లు.

ఇంతకీ తరిగేది ఏమిటి? పాడైన బల్బు ఒకటి తీసుకుని, తెల్లటి ప్లాస్టిక్ గుండు తిప్పి ఊడదీయండి. లోపల ఒక అల్యూమినియం బిళ్ల, దాని మీద పసుపుపచ్చ చుక్కల్లాంటి చదరాలు కనిపిస్తాయి. ఒక్కోటి మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఆ పసుపు పొర కింద ఉన్న చిప్ నిజానికి నీలం కాంతి ఇస్తుంది. నీలంలో కొంత భాగాన్ని పసుపు పొర, అంటే ఫాస్ఫర్, పీల్చుకుని పసుపు కాంతిగా వదులుతుంది. రెండూ కలిసి మనకు తెలుపుగా కనబడతాయి.

చిప్ గాలియం నైట్రైడ్‌తో చేసినది. దాని నడుమ ఇండియం కలిపిన పొరలు రెండు మూడు నానోమీటర్ల మందాన ఉంటాయి. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, ఇంకోవైపు నుంచి ఎలక్ట్రాన్ లేని ఖాళీలు ఆ పొరల్లోకి వచ్చి కలుసుకుంటాయి. కలుసుకున్నప్పుడు వెలుగు పుట్టాలి. పుట్టకపోతే ఆ శక్తి వేడిగా మారిపోతుంది. ఏది జరుగుతుందనేది స్ఫటికం ఎంత శుభ్రంగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. గాలియం నైట్రైడ్‌ని ఎక్కువగా నీలమణి జాతి పలక మీద పెంచుతారు. రెండింటి పరమాణువుల ఎడం సుమారు 16 శాతం తేడాగా ఉంటుంది. కింది వరుస ఒక కొలత ఇటుకలతో, పై వరుస ఇంకో కొలత ఇటుకలతో కడితే గోడలో చీలికలు ఎలా పాకుతాయో, అలాగే ఈ స్ఫటికంలో లోపాల గీతలు కింది నుంచి పైదాకా పాకుతాయి. చదరపు సెంటీమీటరుకు పది కోట్లు, అంతకన్నా ఎక్కువ కూడా.

అన్ని లోపాలున్న పదార్థం వెలగనే కూడదని అప్పటి పండితులు చాలామంది అనుకున్నారు. మిగతా ఎల్ఈడీ పదార్థాల్లో ఇందులో వెయ్యో వంతు లోపాలున్నా పనికిరావు. అయినా 1993లో షూజీ నకమురా జపాన్‌లోని నిచియా సంస్థలో ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ చేసి చూపించారు. దానికి దారి వేసిన ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో పాటు ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇండియం పరమాణువులు కొన్నిచోట్ల ఎక్కువగా చేరి, ఎలక్ట్రాన్లను లోపాల దాకా పోనివ్వకుండా మధ్యలోనే పట్టి ఉంచుతాయని ఒక వివరణ. నా దృష్టిలో ఇది మన కాలపు గొప్ప వింతల్లో ఒకటి. ఇన్ని కోట్ల ఇళ్లలో రాత్రి చదువులు ఆ అమరిక మీద ఆధారపడి సాగుతున్నాయి.

కాలం గడిచేకొద్దీ జరిగేది ఏమిటంటే, కరెంటు, వేడి రెండూ కలిసి వెలిగే పొరల్లో కొత్త లోపాలు పుట్టిస్తాయి. ఒక పరమాణువు తన చోటు వదిలిపోతుంది, ఆ ఖాళీ దగ్గర ఎలక్ట్రాన్ శక్తి వెలుగు కాకుండా వేడిగా అయిపోతుంది. ఆ వేడి ఇంకో లోపానికి తోడ్పడుతుంది. ధనావేశపు పొరలో మెగ్నీషియం కలుపుతారు. అక్కడ హైడ్రోజన్ వచ్చి చేరితే మెగ్నీషియం పని చేయడం మానేస్తుంది. ఈ పదార్థాన్ని అర్థం చేసుకునే పని మన బెంగళూరులోనూ జరుగుతోంది. జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో ఎస్.ఎం. శివప్రసాద్ బృందం గాలియం నైట్రైడ్‌ని పలకలా కాకుండా నానో గోడల వలలా పెంచింది. ఐఐఎస్‌సీలోని నానో సైన్స్ కేంద్రంలో ఇదే గాలియం నైట్రైడ్‌తో ట్రాన్సిస్టర్లు చేస్తున్నారు. దీపానికైనా ట్రాన్సిస్టర్‌కైనా స్ఫటికంలోని లోపాలతోనే పేచీ.

ఎరుపు ఎల్ఈడీ పదార్థం వేరు. అల్యూమినియం, గాలియం, ఇండియం, ఫాస్ఫరస్‌ల మిశ్రమం అది. వేడెక్కితే అక్కడికక్కడే బాగా మసకబారుతుంది, చల్లారితే మళ్లీ కోలుకుంటుంది. ఈ తేడా గుర్తుంచుకోండి. వేడి వల్ల ఆ పూటకు తగ్గే వెలుతురు ఒకటి, వేడి వల్ల శాశ్వతంగా పోయే వెలుతురు ఇంకొకటి. తెల్ల బల్బులోనూ రెండూ ఉంటాయి, తెలుపులో మొదటిది తక్కువ.

ఇంత చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. మంచి తయారీలో చిప్ చాలా గట్టిది. ఇంట్లో వాడే బల్బులో ముందుగా దెబ్బతినేది ఎక్కువసార్లు దాని చుట్టూ ఉన్న సామానే. వాటిలో వెండి గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మన ఇళ్లలో ప్రత్యేకంగా జరిగేది. చిప్ కింద, దాని చుట్టూ వెండి పూత వేస్తారు. కిందికీ పక్కలకీ పోయే కాంతిని పైకి తిప్పికొట్టడానికి వెండికి మించింది లేదు. పైన కప్పిన సిలికోన్ చూడ్డానికి గాజులా ఉన్నా, వాయువులను లోపలికి రానిస్తుంది. గంధకం ఉన్న గాలి చొరబడితే వెండి నల్లబడుతుంది. పూజగదిలో మీ వెండి కుందులు ఎన్నాళ్లకు నల్లబడుతున్నాయో చూడండి. చింతపండుతో తోమిన వారానికే మళ్లీ నల్లబడుతుంటే, మీ ఇంటి గాలిలో గంధకం ఉందన్నమాట. అదే గాలి బల్బులోని వెండినీ అలాగే నలుపు చేస్తుంది, దాన్ని తోమడం మాత్రం మన చేతిలో లేదు. మురుగునీరు నిలిచిన చోట ఆ వాయువు పుడుతుంది. 2017 ఫిబ్రవరిలో నీటి మీద మంటలు లేచిన బెళ్లందూరు చెరువు గుర్తుంది కదా. అలాంటి చెరువులకు, తెరిచిన రాజకాలువలకు ఆనుకుని ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లు దీపాలు కొనేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు వాషర్లు, గాస్కెట్లు కూడా ఇదే పని చేస్తాయి. దీపంలోకి నీళ్లు రాకూడదని ఇంట్లో మిగిలిన రబ్బరు ముక్క ఇరికించడం అందుకే మంచిది కాదు, సిలికోన్ రబ్బరు వాడండి.

కొత్తగా ఇంటీరియర్ చేయించిన ఫ్లాట్లలో ఇంకో సంగతి జరుగుతుంది. ప్లైవుడ్ జిగురు, వార్నిష్, పెయింటు వదిలే ఆవిర్లు గాలి ఆడని దీపపు గూటిలో చేరి, సిలికోన్‌లో ఇంకి, నీలం కాంతికీ వేడికీ ముదురు గోధుమరంగుకి తిరుగుతాయి. దీనికి మందుంది. మూత తీసి గాలి తగలనిస్తే చాలాసార్లు రంగు మళ్లీ తేటపడుతుంది. గృహప్రవేశం తర్వాత కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచడం మీ ఊపిరితిత్తులతో పాటు దీపాలకూ మంచిదే.

చిప్ చుట్టూ ఉండే చవకరకం ప్లాస్టిక్ గూళ్లు నీలం కాంతికి పసుపుబారతాయి, అప్పుడు వెలుగు కూడా పచ్చగా తిరుగుతుంది. ఫాస్ఫర్ పొర పగిలితే దానికి ఎదురు, వెలుగు నీలంగా అవుతుంది. బల్బు మిణుకుమిణుకుమంటే చిప్‌ని అనుమానించకండి, ఎక్కువసార్లు డ్రైవర్‌లోని, అంటే చిప్‌కి కరెంటు అందించే సర్క్యూట్‌లోని, కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. పసుపు చదరాల్లో ఒకదాని మధ్య నల్లచుక్క ఉండి బల్బు పూర్తిగా ఆరిపోయిందా, ఆ ఒక్కటి కాలిపోయి, వరుసలో కలిసి ఉన్న మిగతావన్నీ ఆగిపోయాయని అర్థం.

వీటన్నిటికీ వేగం పెంచేది వేడి. కెపాసిటర్ లెక్క చూస్తే ఎంత వేగమో తెలుస్తుంది. ప్రతి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగం అవుతుందని ఎలక్ట్రానిక్స్‌వాళ్ల వాడుక సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల్లో 32,000 గంటలు వస్తుంది, 85 డిగ్రీల్లో 8,000 గంటలే. రోజుకు ఆరు గంటల లెక్కన మొదటిది పద్నాలుగేళ్లు దాటుతుంది, రెండోది నాలుగేళ్లు కూడా నిండదు. ఇరవై డిగ్రీలే తేడా. గుండ్రటి గాజు గ్లోబులో మూసిపెట్టిన బల్బుకీ, బయట వేలాడే బల్బుకీ అంత తేడా సులువుగా వస్తుంది. బెంగళూరు చల్లటి ఊరని మనం ధైర్యంగా ఉంటాం. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. అదలా ఉంచినా, జిప్సం ఫాల్స్ సీలింగ్ పైన ఇరుక్కున్న దీపానికి ఊరి చల్లదనం అందదు. రామగుండంలో ఎండాకాలం వంటింట్లో వెలిగే బల్బు సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఫాల్స్ సీలింగ్ అంచుల్లో పెట్టే ఎల్ఈడీ స్ట్రిప్పులే ఎక్కువ నష్టపోతున్నాయి. వాటిని ఉత్త చెక్కకో జిప్సానికో అంటించేస్తారు. అవి వేడిని బయటికి పోనివ్వవు. అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టించండి, మీటరుకు పడే అదనపు ఖర్చు ఏళ్ల వెలుతురుగా తిరిగొస్తుంది. స్ట్రిప్పు చివర మసకగా ఉంటే ఒక ప్రశ్న వేసుకోండి: మొదటి రోజు నుంచీ అలాగే ఉందా, తర్వాత అయ్యిందా? మొదటి నుంచీ ఉంటే అది 12 వోల్టులు తీగ పొడవునా తగ్గిపోవడం, రెండు చివర్ల నుంచీ కరెంటు ఇస్తే సరిపోతుంది. తర్వాత వచ్చిందైతే వేడి దెబ్బ, స్ట్రిప్పు మార్చాల్సిందే.

అపార్ట్‌మెంటు సంఘాల్లో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బేస్‌మెంట్ పార్కింగ్ దీపాలు రోజంతా వెలుగుతాయి. 25,000 గంటలు అక్కడ మూడేళ్లు కూడా కాదు. ‘ఎల్ఈడీయే కదా, పదేళ్లకు చూద్దాం’ అని బడ్జెట్ వేస్తే, నాలుగో ఏట స్తంభాల మధ్య చీకట్లు మొదలవుతాయి, ఎవరో ఒకరు కారు గీసుకుంటారు. వందల సంఖ్యలో కొనేటప్పుడు అమ్మేవాళ్లను ఎల్ఎం-80 పరీక్ష నివేదిక అడగండి. ఎల్ఈడీలను మామూలుగా కనీసం 6,000 గంటలు, అంటే 250 రోజులు వెలిగించి, వెలుతురు ఎంత తగ్గిందో కొలిచే పద్ధతి అది. దాని నుంచి ముందు సంవత్సరాలకు అంచనా కట్టే టీఎం-21 పద్ధతిలో, పరీక్ష చేసిన గంటలకు ఆరు రెట్లకు మించి చెప్పకూడదని నియమం. 6,000 గంటలు పరీక్షిస్తే 36,000 దాకానే చెప్పొచ్చు. పెట్టె మీద 50,000 అని ఉండి, నివేదికలో 6,000 గంటల పరీక్షే ఉంటే మిగతా 14,000 ఎక్కడివని అడగండి. ఇంకొకటి, ఆ పరీక్ష పసుపు చదరానికి చేసింది, పూర్తి బల్బుకి కాదు. డ్రైవర్ సంగతి అందులో ఉండదు. పెద్ద కొనుగోలైతే సర్ సి.వి. రామన్ రోడ్డులోని కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, సీపీఆర్ఐ ఉంది. 1960లో పెట్టిన ఆ సంస్థలో దీపాలకూ పరీక్షలు చేస్తారు. మన ఊళ్లోనే ఉన్న సౌకర్యం, వాడుకోవాలి.

విడిగా ఒకటి రెండు కొనుక్కునేవాళ్లు సిటీ మార్కెట్ వైపు ఎస్పీ రోడ్డుకి వెళ్తారు. 1905 ఆగస్టు 5న శివనసముద్రం కరెంటుతో బెంగళూరులో మొదటి వీధిదీపాలు వెలిగింది ఆ చుట్టుపక్కలే. ఇప్పుడక్కడ కిలోల లెక్కన ఎల్ఈడీలు దొరుకుతాయి. వాట్లు చూసి కొనకండి, ల్యూమెన్లు చూడండి. 9 వాట్ల బల్బుకి 900 ల్యూమెన్లు ఉండాలి. 650 అని ఉంటే, లేదా ల్యూమెన్లే రాసి లేకపోతే అక్కడే పెట్టేయండి. బీఐఎస్ గుర్తు కింద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు, బీఈఈ నక్షత్రాల లేబులు రెండూ ఉండాలి. చేత్తో పట్టుకుంటే కాస్త బరువుండాలి. వేడిని బయటికి లాగే అల్యూమినియం లోపల ఉందనడానికి అది నాకు నమ్మకమైన ఆనవాలు. మూసిన ఫిక్చరులో వాడొద్దని సన్న అక్షరాల్లో రాస్తారు, అది చదవండి.

ఇక కొలవడం. ఫోన్లో లక్స్ మీటరు యాప్ వేసుకోండి. దాని అంకె అచ్చంగా సరైనది కాకపోవచ్చు, పర్వాలేదు. మనకు కావలసింది అదే ఫోనుతో, అదే చోట నిరుటి అంకెతో పోలిక. రాత్రి, కిటికీ తెర వేసి, బల్బు మీది దుమ్ము తుడిచి, దీపం వేసిన అరగంటకు కొలవండి. వేడెక్కేదాకా వెలుతురు నిలకడగా ఉండదు. దుమ్ము తుడవడం మరిచిపోవద్దు, పక్కన అపార్ట్‌మెంటు కడుతున్న వీధిలో సగం మసక దుమ్ముదే ఉంటుంది. బల్ల మీద పుస్తకం పెట్టే చోట ఫోను వెల్లకిలా పెట్టి అంకె రాసుకోండి. చదువుకునే బల్లకు 300 లక్స్ అన్నది వాడుకలో ఉన్న కొలమానం. మొదటి రోజు 300 వచ్చిన చోట 210 వస్తే అదే 70 శాతం. కొత్త బల్బు పెట్టిన రోజే దాని మెడ మీద తేదీ, లక్స్ అంకె మార్కరుతో రాసేయండి. నోట్‌బుక్కు పోతుంది, బల్బు మెడ పోదు.

ఫోను మార్చితే కొత్త ఫోనుతో ఒకసారి, పాత ఫోనుతో ఒకసారి ఒకేచోట కొలిచి రెండు అంకెలూ రాయండి, లేకపోతే పాత లెక్కంతా వృథా.

70 శాతానికి వచ్చిన బల్బుని పారేయనక్కర్లేదు. చదివే బల్ల నుంచి, కూరగాయలు తరిగే గట్టు నుంచి, పెద్దవాళ్లు రాత్రిపూట లేచి నడిచే దారి నుంచి తీసేయండి. మెట్ల కింద, అటక దగ్గర, బాల్కనీలో పెట్టుకుంటే ఇంకా కొన్నేళ్లు వస్తుంది. కొత్తది ఎప్పుడూ ముందు కళ్లకు పని ఉన్న చోటికే వెళ్లాలి. అటక దగ్గరది కూడా ఆరిపోయిన రోజున చెత్తబుట్టలో వేయకండి. పాదరసం లేకపోయినా అందులో గాలియం, ఇండియం, వెండి, రాగి ఉన్నాయి. పాత చార్జర్లు, రిమోట్ల పెట్టెలో పడేసి, ఈ-వేస్ట్ తీసుకెళ్లే రోజున వాటితో పాటే ఇచ్చేయండి.